తుది నలోకంబగు: అలోకమా, ఆలోకమా?

వ్యాసకర్త: భౌతికశాస్త్రంలో యాంగ్–మిల్స్ క్షేత్రం గురించి తేలని గణిత సమస్య ఒకటుంది, దాని మీద వ్యాసం రాస్తున్నాను. మొదట్లో పోతన గజేంద్రమోక్షంలోని “లోకంబులు లోకేశులు” కందం పెడదామని ఆశ. “...తెగిన తుది నాలోకంబగు పెంజీకటి కవ్వల...” ఇంతేనా? నా నోటికి “నా” అని దీర్ఘమే వస్తోంది. కణాలేవీ లేని శూన్యస్థితి మీద డెల్టా అనేంత శక్తి ఎత్తు వరకు ఏమీ ఉండదు, అది దాటాకే మొదటి కణం. ఆ ఖాళీకి పెంజీకటి బాగుంటుందని.

అరసున్న: దీర్ఘం కుదరదండీ. రెండో పాదంలో మూడో గణం నలమో (నాలుగు లఘువులు) జగణమో (లఘువు, గురువు, లఘువు) కావాలి, అంటే నాలుగే మాత్రలు. “న తుది న” నలం. “నా” అంటే ఐదు మాత్రలు. పైగా ఆలోకం అంటే వెలుగు. వెలుగైన చీకటేమిటి?

ఛందోభ్రమ: గణం ఒప్పుకున్నాం, అర్థం సంగతి చెప్పండి. లోకంబులు, లోకేశులు, లోకస్థులు అని వరస కట్టినవాడు నాలుగోసారి అదే లోకాన్ని తుడిచేస్తాడు. అలోకం అంటే లోకమే లేనిది.

అరసున్న: “లోక్” ధాతువుకు చూడటమని అర్థం. చీకటికి విశేషణం కాబట్టి కనబడనిది అనాలి. ప్రాస కోసం వరస కట్టాడే గాని...

ఛందోభ్రమ: ప్రాస కోసమా! పోతన గురించేనా మాష్టారూ ఈ మాట?

క్వార్కు: నన్నడిగితే అంతకు ముందొచ్చే పద్యం మేలు. “జగమెవ్వని లోపల నుండు లీనమై.” ప్రోటాన్ బరువు 938 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు. లోపలి మూడు క్వార్కుల సొంత బరువు కలిపితే 9 దాకా. మిగిలిందంతా వాటిని పట్టి ఉంచే బలక్షేత్రం పని.

వ్యాసకర్త: క్లే గణిత సంస్థ 2000లో పది లక్షల డాలర్లు ప్రకటించిన ప్రశ్నలో క్వార్కులే లేవండీ. ఆ ప్రశ్నను వివరిస్తూ జాఫీ, విటెన్ రాసిన ప్రకటన చూడండి. ఉత్త యాంగ్–మిల్స్ క్షేత్రం, స్థలకాలాల నాలుగు పరిమాణాలు. ముందు ఆ క్వాంటం సిద్ధాంతం గణితపరంగా నిలుస్తుందని చూపాలి, తర్వాత డెల్టా సున్నా కన్నా ఎక్కువని. సమీకరణంలో ద్రవ్యరాశి పదమే లేదు, అదే చిక్కు. కంప్యూటర్ లెక్కల్లో ఖాళీ కనిపిస్తుంది గాని అది నిరూపణ కాదు.

ఛందోభ్రమ: 1954లో ప్రిన్స్‌టన్‌లో భౌతికశాస్త్రవేత్త పౌలీ, ఈ సిద్ధాంతకర్తల్లో ఒకడైన యాంగ్‌ను నిలదీసింది దీని గురించే కదా, ఆ క్షేత్రానికి ద్రవ్యరాశి ఎంత అని. జవాబు లేక యాంగ్ కూర్చుండిపోయాడు. ఓపెన్‌హైమర్ కలగజేసుకుని కొనసాగించమన్నాడు. ఇంతకీ చివరి పాదంలో “ఏకాకృతి” అంటే ఏకాకి ఆకృతి అని నా ఊహ. చీకటి అవతల ఒంటరిగా ఒక్క కణం!

అరసున్న: ఏకాకి + ఆకృతి అయితే ఏకాక్యాకృతి అవుతుంది. ఇకారం మీద ఆకారం వస్తే యకారం రావాలిగా, ఆ యణాదేశం ఎక్కడికి పోయింది? ఇది ఏక + ఆకృతి, సవర్ణదీర్ఘం.

క్వార్కు: ఏ ఆకృతి అయినా ఒకటి కాదు. ఆ బలక్షేత్రపు కణాలైన గ్లుయాన్లు ముద్దకట్టిన గ్లూబాల్స్‌కు రకరకాల స్పిన్‌లు ఉంటాయని ఆ కంప్యూటర్ లెక్కలే చెబుతాయి. అన్నిటికన్నా తేలికది ఒకటి, అంతే.

వ్యాసకర్త: సరే, “ఏకాకృతి” జోలికి పోను. “పెంజీకటి కవ్వల” దగ్గర ఆపేస్తాను.

అరసున్న: ఆపండి గాని “కవ్వలన్” అని ఆపండి. ఆ తర్వాతి “నెవ్వం”లో నకారం ద్రుతానిది, అంటే ముందు మాట చివరి “న్”. దాన్ని ఎవ్వనికో వదిలేసి రావడం అన్యాయం.

ఛందోభ్రమ: అయితే “తుది నలోకం”లో నకారం కూడా ద్రుతమేగా? తుదిన్ అంటే సప్తమి, “తుదిలో” అని. అప్పుడు లోకం పోయిన చోటు అని నా అర్థానికే బలం.

అరసున్న: ఎలాగండీ?