మోల్ ఫ్లాండర్స్‌లో ‘నేను’ ఎవరు? సెమినార్ పేపర్‌కి సలహా కావాలి

పర్లాకిమిడి, ఎం.ఏ. ఇంగ్లిష్: బరంపురంలో పదిహేను నిమిషాల పేపర్ చదవాలి. కాలంతో మారుతున్నా మనిషి అదే ‘నేను’ ఎలా అవుతాడన్నది విషయం. ప్లేటో, అరిస్టాటిల్‌తో మొదలుపెట్టి, జ్ఞాపకమే మనిషిని అదే మనిషిగా నిలుపుతుందన్న ఇంగ్లిష్ తత్త్వవేత్త జాన్ లాక్ మీదుగా నవలాకారుడు డెఫో దగ్గరికి రావాలని ఆలోచన. ఆయన నవలల్లో రాబిన్సన్ క్రూసో తీసుకోనా, మోల్ ఫ్లాండర్సా?

జయపురం: మోల్ (1722) తీసుకోమ్మా. లాక్‌లో నీకు కావలసింది ‘ఎస్సే కన్సర్నింగ్ హ్యూమన్ అండర్‌స్టాండింగ్’ అన్న గ్రంథంలో రెండో పుస్తకం, 27వ అధ్యాయం. అది 1694 నాటి రెండో ముద్రణలో చేరింది. మొదటి ముద్రణ పాఠంలో వెతికితే దొరకదు. రాజకుమారుడి జ్ఞాపకాలు చెప్పులు కుట్టేవాడి ఒంట్లోకి వస్తే అన్న 15వ సెక్షన్ దగ్గరే అందరూ ఆగిపోతారు. అసలు సరుకు 26లో ఉంది. ‘వ్యక్తి’ అనేది న్యాయస్థానపు మాట అంటాడక్కడ: చేసిన పనికి ఫలితం ఎవరు అనుభవించాలో తేల్చడానికి. మోల్ పుట్టింది న్యూగేట్ జైల్లో, ఉరిశిక్ష పడిందీ అక్కడున్నప్పుడే, తర్వాత వర్జీనియాకి తరలింపు. అసలు పేరు మాత్రం మనకి చెప్పదు. పేరు లేకుండానే నేరాలన్నీ తనవేనని ఒప్పుకుంటుంది.

క్రూసోని వదలబుద్ధి కాకపోతే మొదటి పేరా ఒక్కటి వాడు. తండ్రిది బ్రెమెన్; క్రాయిట్స్‌నేయర్ అన్న ఇంటిపేరు ఇంగ్లిష్ నోళ్లలో నలిగి క్రూసో అయింది. ఒడియా స్కూలు రిజిస్టర్లలో మన ఇంటిపేర్లు ఏమవుతాయో తెలిసిన సభకి అంతకంటే వివరణ అక్కర్లేదు.

గుణుపురం: ప్లేటో అనగానే ‘ఆత్మ శాశ్వతం’ అని రాసేయకండి. సింపోజియంలో 207డి నుంచి 208బి దాకా (ప్లేటో ప్రతుల అంచున ఉండే పేజీ గుర్తులు) చూడండి. వెంట్రుకలు, మాంసం, ఎముకలే కాదు, అలవాట్లు, అభిప్రాయాలు, చివరికి తెలిసిన విషయాలు కూడా పోతూ కొత్తవి వస్తుంటాయని అందులో సోక్రటీస్‌కి ప్రేమ గురించి బోధించే డయటిమా అంటుంది. లాక్‌కి దగ్గరి చుట్టం ఇదే.

అరిస్టాటిల్‌కి పొయెటిక్స్ 8వ అధ్యాయం చాలు. ఒకే మనిషి గురించి చెప్పినంత మాత్రాన కథకి ఏకత్వం రాదంటాడు. మోల్‌లో పెళ్లిళ్లు, దొంగతనాలు, సముద్రయానాలు, వీటన్నిటినీ కలిపేది ఆ ఒక్క మనిషే. ఆయన కాదన్న పద్ధతి మీదే నవల నిలబడింది. నా మటుకు పేపరంతా దీని మీదే నడపొచ్చు.

బరంపురం: రెండు జాగ్రత్తలు. లాక్‌ని చదివే డెఫో ఇలా రాశాడని తేల్చి చెప్పకండి, పోలిక చూపించి ఊరుకోండి. సభలో లాక్ మీద తత్త్వవేత్త జోసెఫ్ బట్లర్ (1736) పెట్టిన అభ్యంతరం కచ్చితంగా వస్తుంది: జ్ఞాపకం ‘నాది’ అనాలంటే ‘నేను’ ముందే ఉండాలి కదా అని. నవల ముందుమాట దగ్గర పెట్టుకోండి. మోల్ మాటల్ని మర్యాదగా మార్చి రాశామని అక్కడే ఉంది. అంటే మనం వింటున్న జ్ఞాపకం మీద ఇంకొకరి కలం పడింది.

పదిహేను నిమిషాలకి 1,500 మాటలు మించొద్దు. గ్రీకులకి 300, లాక్‌కి 400, మిగతాదంతా మోల్‌కి.