కోపెన్‌హాగన్‌లో ఒక్క రోజే ఉంటే మత్స్యకన్య విగ్రహాన్ని చూడాలా, వదిలేయాలా?

వెన్నెల_పడవ: జూన్‌లో అత్తమామలతో కోపెన్‌హాగన్‌లో ఒక రోజు ఆగుతున్నాము. రౌండ్ టవర్, న్యూహావ్న్ రేవు, సాయంత్రం టివోలీ ఉద్యానం చూడాలనుకున్నాము. మత్స్యకన్య దగ్గరికి వెళ్లాలా వద్దా అన్నదే తేలడం లేదు. చూసినవారు దయచేసి చెప్పగలరు.

మాల్మో_తెలుగు: వదిలేయండి. నాలుగేళ్లుగా కోపెన్‌హాగన్‌ను కలిపే వంతెనకు ఇవతల స్వీడన్‌లో ఉంటూ, వచ్చిన ప్రతి బంధువునూ అక్కడికి తీసుకువెళ్లి, ప్రతిసారీ "ఇంతేనా?" అన్న మాట విన్నాను. విగ్రహం ఎత్తు 1.25 మీటర్లే. ఆ సమయాన్ని రౌండ్ టవర్‌కు ఇవ్వండి. 1642లో పూర్తయిన ఆ కట్టడంలో చివర కొద్ది మెట్లు తప్ప, పైదాకా ఏడున్నర చుట్లు తిరిగే ఏటవాలు దారే ఉంటుంది కనుక మోకాళ్ల నొప్పులున్నవారు కూడా నెమ్మదిగా ఎక్కగలరు.

గవ్వలమూట: ఎత్తును బట్టి విలువ కట్టడం సరికాదండి. మనిషి కావాలనుకున్న మత్స్యకన్య గురించి డెన్మార్క్ రచయిత ఆండర్సన్ 1837లో ప్రచురించిన కథ ఆధారంగా వేసిన బ్యాలే నృత్యరూపకం చూసి ముగ్ధుడైన కార్ల్ జేకబ్సెన్, అంటే కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ వ్యవస్థాపకుడి కుమారుడు, శిల్పి ఎడ్వర్డ్ ఎరిక్సన్ చేత దీన్ని చెక్కించాడు, 1913లో ప్రతిష్ఠించారు. దగ్గరికి వెళ్లి పాదాలు చూడండి. కాళ్లు రెండూ మనిషివే, చీలమండల దగ్గరికి వచ్చేసరికి మాత్రం చేప రెక్కలవుతాయి. చేపగానూ మిగలక, మనిషిగానూ మారక ఉన్న ఆ క్షణమే ఆ శిల్పమంతా.

ఓరుగల్లు_బాట: న్యూహావ్న్‌లో కాలువ విహారపు పడవ ఎక్కితే అదీ కనిపిస్తుంది కదా.

గవ్వలమూట: పడవలోంచి వీపు మాత్రమే కనిపిస్తుంది.

తూర్పుగాలి: 1964లో తల కోసుకుపోతే కొత్తది అమర్చారు. ముఖం చూసినా అసలుది కాదు.

మాల్మో_తెలుగు: వీపా, ముఖమా అన్నది ప్రశ్న కాదు. ఎస్టర్‌పోర్ట్ స్టేషన్ నుంచి పావుగంట నడవాలి, రేవు గాలికి అడ్డేమీ ఉండదు. పోయిన అక్టోబరులో మా నాన్నగారు అక్కడ వణికిపోయి, తర్వాత వారం రోజులు జ్వరంతో మంచం పట్టారు.

గవ్వలమూట: అడిగింది జూన్ గురించి. నడవలేనివారు పసుపు రంగు హార్బర్ బస్సు పడవలో నోర్డ్రె టోల్డ్‌బోడ్ దాకా వెళ్లవచ్చు, అక్కడి నుంచి దూరం తక్కువ. చూసి చూసి విసిగిపోయిన కళ్లతో, మొదటిసారి వచ్చేవారికి మీరు తీర్పు చెబుతున్నారు.

మాల్మో_తెలుగు: విసిగిపోయానడం అన్యాయం. సెలవు పెట్టుకుని అందరినీ తిప్పింది నేను. పెద్దవాళ్లు కాళ్లు లాగుతున్నాయని నోరు తెరిచి చెప్పరు, కాబట్టి వారి తరఫున మనమే నిర్ణయించాలి.

గవ్వలమూట: నా అభ్యంతరమంతా ఆ చివరి మాట మీదే. మా నాన్నగారు బడిపంతులు, ఏటా పిల్లలకు ఈ కథ చెప్పేవారు. 2017లో మేమూ అక్కడ ఒక్క రోజే ఉన్నాము. "చిన్న బొమ్మ, సమయం దండగ" అని ఒక గైడు అంటే నమ్మి, ఆయనను అడగకుండానే నేను ఆ ప్రయాణం మానిపించాను. ఆయన "సరేనమ్మా" అన్నారు. ఇంటికి వచ్చిన చాలా రోజులకు, భోజనం చేస్తూ, "ఆ పిల్లకు కాళ్లు వచ్చాయో లేదో చూద్దామనుకున్నాను" అన్నారు. మరుసటి ఏడు పోయారు. పాదాలు చూడండని పైన రాసింది, తర్వాత నేనొక్కదాన్నే వెళ్లి చూసి వచ్చాక.

మాల్మో_తెలుగు: మీ నాన్నగారి సంగతి తెలియక గట్టిగా మాట్లాడాను, క్షమించండి. అయినా వారం రోజులు మా నాన్నగారి మంచం పక్కన కూర్చున్నవాడిని కనుక, గాలి వీచే రోజున వెళ్లవద్దన్న మాట వెనక్కి తీసుకోను. "వదిలేయండి" అన్న మాటను మాత్రం తీసుకుంటున్నాను. వెన్నెల_పడవ గారూ, ముందు మీ అత్తమామలను అడగండి.

వెన్నెల_పడవ: అడిగాను. మామగారికి రౌండ్ టవర్ చాలునట. అత్తగారు మాత్రం ఆ కథ చిన్నప్పుడే చదివారట, మత్స్యకన్యను చూడాలని ఉందన్నారు. ఇన్ని రోజుల ఏర్పాట్లలో మేము ఆవిడను ఒక్కసారీ అడగలేదు. ఆ పసుపు పడవ ఉదయం ఎన్ని గంటలకు మొదలవుతుందో చెప్పగలరా?