69 కమారోలో ఎల్ఎస్3: ముందు దేని మీద ఖర్చు పెట్టాలి?

ప్రశ్న (డాలస్ నుంచి):
అన్నలూ, 1969 షెవర్లే కమారో కొన్నాను. బాడీ పని, పెయింట్ అయిపోయాయి. లోపల పాత 350 (క్యూబిక్ అంగుళాల) వీ8 ఇంజిన్, కార్బురేటర్, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు. దాని బదులు జీఎం వాళ్ల కొత్తతరం వీ8 ఇంజిన్ ఎల్ఎస్3 వేయాలని ఉంది. బయట రూపం మాత్రం మారకూడదు. వెనక చక్రాల ముందున్న ఆ గీతలు చూస్తేనే ప్రాణం లేచొస్తుంది నాకు. పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే బండి. డబ్బు ఒకేసారి లేదు, ఏది ముందు?

జవాబు (డెట్రాయిట్):
బ్రేకులు తమ్ముడూ, ఇంకో మాటే లేదు. 2008 కార్వెట్‌లో వచ్చినప్పుడే ఎల్ఎస్3 430 హార్స్‌పవర్. ఆ వేగంలో వరసగా గట్టిగా తొక్కితే డ్రమ్ములు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. పిల్లలు ఉంటారంటున్నావు కదా, కనీసం ముందు చక్రాలకు డిస్కులు వేయించాకే ఇంజిన్ మాట ఎత్తు.

తర్వాత ఫ్యూయల్. కార్బురేటర్‌కు ఆరేడు పీఎస్ఐ ప్రెషర్ చాలు, ఎల్ఎస్3కి 58 దాకా కావాలి. ట్యాంకులో ఎలక్ట్రిక్ పంపు, కొత్త లైన్లు తప్పవు. ఈ ఖర్చు చాలామంది లెక్కలోకే రాదు.

జవాబు (హ్యూస్టన్):
నాది 1968 కమారో. ఎల్ఎస్3ని లోపల కూర్చోబెట్టడం కష్టం కాదు, పాత చోట కొత్త ఇంజిన్ బిగించే అడాప్టర్ మౌంట్లు దొరుకుతాయి. ట్రక్కు ఆయిల్ పాన్ (ఇంజిన్ అడుగున నూనె నిలిచే గిన్నె) మాత్రం వేయకండి, లోతెక్కువ, కిందికి వేలాడుతుంది. పాత 350 మీద మీ బండి వీఐఎన్ (గుర్తింపు నంబరు) అంకెలు కొట్టి ఉన్నాయేమో చూడండి. ఉంటే అది ఫ్యాక్టరీలో పుట్టిన జత. దయచేసి అమ్మకండి, నూనె పట్టించి దాచండి.

ప్రశ్న అడిగినవారు:
అంకెలు కలిశాయి అన్నా! 350 గ్యారేజీలోనే ఉంటుంది. డిస్క్ కిట్ ఈ వారమే ఆర్డర్ పెడుతున్నా.