ఒక్క లాకర్‌కే బడ్జెట్: ముందా, వెనకా?

లాకర్ అంటే యాక్సిల్ రెండు చివరల చక్రాలనూ కలిపి ఒకే వేగంతో తిప్పే పరికరం. బండి లాడర్ ఫ్రేమ్ ఫోర్ బై ఫోర్ డీజిల్ జీపు, 235/75 ఆర్15 మడ్ టైర్లు. రెండు చక్రాలకూ శక్తి పంచే డిఫరెన్షియల్ వెనక లిమిటెడ్ స్లిప్ రకం (ఒక చక్రం జారితే క్లచ్ ప్లేట్ల రాపిడితో రెండోదానికీ కొంత శక్తి పంపేది), ముందు ఓపెన్ రకం (ఆ సాయం లేనిది). తిరిగేది గోదావరి ఇసుకలో, వానాకాలం నల్లరేగడిలో, రాళ్ల గుట్టల మీద.

ఇసుకలో ఇబ్బంది లేదు, గాలి 30 నుంచి 16 పీఎస్‌ఐకి దించితే చాలు. చిక్కంతా గుట్టల మీదే. అడ్డగట్టు ఎక్కుతుంటే ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం లేస్తాయి. గాల్లో ఉన్న రెండూ గిర్రున తిరుగుతాయి, నేల మీదున్నవి అంగుళం కదలవు.

ఫ్రిక్షన్ మాడిఫయర్ (క్లచ్ ప్లేట్ల రాపిడి తగ్గించడానికి ఆయిల్‌లో కలిపే మందు) సగానికి తగ్గించి డిఫరెన్షియల్ ఆయిల్ మార్చాను. పట్టు పెరగలేదు, మలుపుల్లో గరగర మాత్రం మొదలైంది. ముందు వైపు స్వే బార్ (బండి పక్కకి ఒరగకుండా రెండు చక్రాల సస్పెన్షన్‌నీ కలిపే కడ్డీ) విప్పితే చక్రం కాస్త ఆలస్యంగా లేస్తోంది, అంతే. ‘ఫోర్ లో’ (నాలుగు చక్రాలకూ తక్కువ వేగం, ఎక్కువ లాగుడు) వేసి మొదటి గేర్‌లో హ్యాండ్‌బ్రేక్ మూడు నాలుగు క్లిక్కులు లాగితే పదిసార్లలో మూడుసార్లు బయటపడుతోంది, కానీ డ్రమ్ములు కాలిన వాసన.

తనంతట తానే లాక్ అయ్యే ఆటోమేటిక్ లాకర్ వద్దనుకున్నాను. నల్లరేగడి ఏటవాలులో రెండు వెనక చక్రాలూ ఒకేసారి జారితే బండి తోక పల్లానికి పోతుంది, తడి తారు మలుపులోనూ అదే భయం. కావాల్సినప్పుడే స్విచ్‌తో, గాలి ఒత్తిడితో వేసే ఎయిర్ లాకరే కావాలి. ముందు పెడితే లిమిటెడ్ స్లిప్ మిగులుతుంది గానీ, స్టీరింగ్ పూర్తిగా తిప్పి గ్యాస్ ఇస్తే సీవీ జాయింట్‌కి (తిరిగిన ముందు చక్రానికి శక్తి అందించే కీలు) గండం. వెనక పెడితే లిమిటెడ్ స్లిప్ పీకేయాలి, అయితే ఎక్కుడులో బరువు పడేది వెనకే.

నల్లరేగడిలోనూ, రాళ్ల గుట్టల మీదా లాకర్ వాడినవాళ్లు చెప్పండి: ఒక్కటే పెట్టించాలంటే ముందు యాక్సిల్‌కా, వెనక యాక్సిల్‌కా?