సమస్యాపూరణం: ‘అన్నమ్మును గుడ్డు మింగె నందఱు మెచ్చన్’

నిర్వాహకులు:
ఈ వారం సమస్య కందపాదం, దాన్ని నాలుగో పాదంగా పెట్టి పద్యం పూర్తిచేయాలి. విషయం జపానువారి ఒమురైస్, అంటే గుడ్డుతో కలిపి చేసే అన్నం. ఆమ్లెట్ అన్న మాట కురచబడి, రైస్‌తో కలిసి ఆ పేరైంది. టోక్యో గింజాలో 1895 నుంచి ఉన్న హోటలు రెంగాతెయ్‌లో అన్నాన్ని గిలకొట్టిన గుడ్డులోనే కలిపి వేస్తారు. అక్కడ గుడ్డు అన్నాన్ని మింగదు, రెండూ ఒకటైపోతాయి. కెచప్ అన్నాన్ని పల్చటి గుడ్డు పొరలో చుట్టే పద్ధతి 1925లో తమ దగ్గరే మొదలైందని ఒసాకాలోని హొక్కియోకుసెయ్ హోటలువారు చెబుతారు. సమస్యలో ‘మింగె’ అని ఉంది కాబట్టి చుట్టేదో, కప్పేదో పూరణలోకి రావాలి. ఛందస్సుతో పాటు వంట కూడా తప్పకూడదు.

గుంటూరు నుంచి:

పన్నుగ చికెనుల్లి కెచపు
లన్నియు వేయించి నీరు లవమును లేకన్
వన్నెగ కలిపిన వెచ్చని
యన్నమ్మును గుడ్డు మింగె నందఱు మెచ్చన్.

నిర్వాహకులు:
ఆర్యా, భావం చక్కగా కుదిరింది. రెండో పాదంలో యతి చూడండి. కెచపులు + అన్నియు సంధి కాబట్టి అక్కడ అకారానికే యతి చెల్లాలి, ‘ల’కు ‘ల’ సరిపోదు. ‘లన్నియు వేయించి చెమ్మ యంతయు నింకన్’ అంటే దోషం పోతుంది, భావమూ చెడదు.

వంట సంగతి. సమాసంలో చికెను, ఉల్లి, కెచపు అన్న వరుస సరైనదే, కానీ ‘అన్నియు వేయించి’ అంటే మూడూ ఒకేసారి వేసినట్టుంది. అలా చేస్తే చికెన్ ఉడికేలోపే కెచప్‌లోని చక్కెర మాడుతుంది. ఒక్కరికి 60 గ్రాముల ఎముకలేని తొడమాంసం చిన్న ముక్కలు, పావు ఉల్లిపాయ తరుగు, 10 గ్రాముల వెన్న, 3 టేబుల్ స్పూన్ల కెచప్, 200 గ్రాముల వండిన అన్నం. ముక్క ఉడికి ఉల్లి మెత్తబడ్డాక రెండింటినీ పక్కకు జరిపి, ఖాళీ అయిన చోట కెచప్ పోయాలి. గరిటెతో గీసిన దారి వెంటనే మూసుకోకుండా నిలిచేదాకా వేగాలి, ఒక్క నిమిషం చాలు. ఆ తర్వాతే అన్నం. చెమ్మ మిగిలితే అన్నం ముద్దవుతుంది, గుడ్డు పొర లోపలి నుంచి తడిసి చిరుగుతుంది. ‘వెచ్చని’ అన్న మాట నాకు బాగా నచ్చింది. ఫ్రిజ్ అన్నమైతే గడ్డలు విడదీయడానికి గరిటెతో నొక్కాల్సివచ్చి మెతుకు నలుగుతుంది.

విశాఖ నుంచి:

వెన్నది నురుగెత్తంగను
మున్నుగ గిలకొట్టి పోసి మూకుడు కదుపన్
సన్నని సెగపై మెత్తగ
నన్నమ్మును గుడ్డు మింగె నందఱు మెచ్చన్.

ఒసాకా నుంచి:
అమ్మా, గణాలు, యతి, ప్రాస అన్నీ సరిపోయాయి. మూకుడు మాత్రం యతి కోసం వచ్చినట్టుంది. గుంట ఉన్న పాత్రలో గుడ్డంతా నడుమకు చేరుతుంది, అంచులు గట్టిపడినా మధ్యలో పచ్చిగానే ఉంటుంది. 20 సెంటీమీటర్ల అంటుకోని పెనం కావాలి. సన్నసెగ కూడా తప్పే. దానిపై ఎక్కువసేపు ఉడికితే గుడ్డు నీరు వదిలి గట్టిపడుతుంది.

మధ్యస్థం కన్నా కాస్త ఎక్కువ సెగ పెట్టండి. 3 గుడ్లు, ఒక టేబుల్ స్పూను పాలు, చిటికెడు ఉప్పు కలిపి వడకట్టాలి, లేకపోతే తెల్లసొన తీగలు పొరలో మచ్చలుగా కనిపిస్తాయి. 10 గ్రాముల వెన్న నురుగు అణగబోతుండగా పోసి, చాప్‌స్టిక్స్‌తో 20, 25 సెకన్లు గబగబా కలుపుతూ పెనాన్ని ఊపాలి. నీరు పూర్తిగా ఓడని పెరుగు తరకల్లా కనిపించగానే ఆపి, పెనాన్ని తడిగుడ్డ మీద ఐదు సెకన్లు ఉంచండి. అడుగు అంతకు మించి ఉడకదు.

విశాఖ నుంచి:
సవరించాను, చూడండి.

వెన్నది నురుగెత్తంగను
పిన్నదగు పెనమున బోసి పిమ్మట కదుపన్
మిన్నగు సెగపై మెత్తగ
నన్నమ్మును గుడ్డు మింగె నందఱు మెచ్చన్.

ఒసాకా నుంచి:
‘పిన్నదగు పెనమున’ ఎంత బాగా పడిందో! పెనం పెద్దదైతే పొర పల్చబడి మడత నిలవదు.

డల్లాస్ నుంచి:

కన్నము పడనట్లు చుట్టి
తిన్నగ కంచాన నుంచి తీరుగ కోయన్
వెన్నవలె విచ్చి జారుచు
నన్నమ్మును గుడ్డు మింగె నందఱు మెచ్చన్.

నిర్వాహకులు:
మొదటి పాదంలో మూడో గణం ‘ట్లు చుట్టి’ జగణమైంది (లఘువు, గురువు, లఘువు). కందంలో బేసి గణం జగణం కాకూడదు. ‘కన్నము పడనీక మడిచి’ అంటే నలం (నాలుగు లఘువులు) వచ్చి సరిపోతుంది. మూడో పాదంలో ‘లె విచ్చి’ కూడా జగణమే, కానీ అది రెండో గణం కాబట్టి దోషం లేదు.

ఒసాకా నుంచి:
అన్నం మీద ఆమ్లెట్ పెట్టి కోసి విప్పే ఈ పద్ధతిలో కష్టమంతా ‘కన్నము పడనీక’లోనే ఉంది. పెనం వంచి గుడ్డును అవతలి అంచుకు చేర్చి, పిడి మీద పిడికిలితో తట్టుతూ పొర్లించాలి. అతుకు ఒక్కసారి కిందికి వచ్చాక పది సెకన్లు కదపకండి, అతుక్కుంటుంది. అన్నం మీదికి జార్చిన నిమిషంలోపే కోయాలి. ఆలస్యమైతే లోపలి వేడికి గట్టిపడి విచ్చుకోదు. కత్తి మొన పైపొర వరకే దిగాలి. పిల్లలకు, గర్భిణులకు ఈ సగం ఉడికిన గుడ్డు వద్దు. 2 గుడ్లలో, టీస్పూను నీళ్లలో కరిగించిన అర టీస్పూను బంగాళాదుంప పిండి (స్టార్చ్) కలిపి పల్చటి పొర పోయండి. పూర్తిగా ఉడికినా చిరగదు.

కరీంనగర్ నుంచి:

సన్నని బియ్యంపు మెతుకు
లన్నియు పొడిపొడిగ రాలు నవి యొదుగుటకై
మిన్నగు నీటన్ వండిన
యన్నమ్మును గుడ్డు మింగె నందఱు మెచ్చన్.

నిర్వాహకులు:
నిర్దోషమైన పూరణ, స్వరయతి (అచ్చుకు అచ్చు యతి) కూడా చక్కగా చెల్లింది. జపాను కొషిహికారి బియ్యం పొట్టిగింజ, తనంతట తానే అంటుకుంటుంది. మన సన్నబియ్యంలో అమైలోజ్ అనే పిండిపదార్థం ఎక్కువ, అందుకే పొడిగా వస్తుంది. అయితే ‘మిన్నగు నీట’ ఎంతో చెప్పాలి కదా?

కరీంనగర్ నుంచి:
గ్లాసు బియ్యానికి మామూలుగా పోసే రెండు గ్లాసుల మీద పావు గ్లాసు, అంతే. పాతబియ్యమైతే ఇంకో రెండు స్పూన్లు. దించాక పది నిమిషాలు మూత తీయొద్దు. కెచప్‌లో కలిపిన అన్నాన్ని చిన్న గిన్నెలో నొక్కి కంచంలో బోర్లిస్తే, సన్నబియ్యమైనా ఆకారం నిలుస్తుంది.