క్రోన్స్ వ్యాధిలో విటమిన్ డి తగ్గడానికి జన్యువులు ఎంతవరకు కారణం?

మాధవి అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి చిన్నపేగు చివరి భాగంలో క్రోన్స్ అనే దీర్ఘకాలిక పేగు వాపు వ్యాధి ఉంది. శస్త్రచికిత్స చేసి ఆ భాగాన్ని కొంతమేర తొలగించారు. మాత్రలు క్రమం తప్పకుండా వేసుకుంటున్నా రక్తంలో విటమిన్ డి మిల్లీలీటరుకు 12 నానోగ్రాముల దగ్గరే ఆగిపోతోంది. పేగు జబ్బేమీ లేని మా అమ్మకు కూడా ఎప్పుడూ తక్కువే ఉంటుంది కాబట్టి ఇది వంశపారంపర్యంగా వస్తున్నదేమోనని మా సందేహం. విటమిన్ డి గ్రాహకానికి, అంటే రిసెప్టరుకు, సంబంధించిన జన్యువును పరీక్షించి, అందులోని తేడాలను బట్టి మోతాదు చెబుతామని ఒక ప్రయోగశాల వారు అంటున్నారు. ఆ జన్యువుకూ పేగు జబ్బుకూ నిజంగా సంబంధం ఉందా? ఈ పరీక్ష చేయించడం వల్ల ప్రయోజనం ఉంటుందా?

రఘురాం (జన్యుశాస్త్ర పరిశోధన) జవాబు:

మాధవి గారూ, రక్తంలో విటమిన్ డి ఎంత ఉందన్నది ఒక విషయం, ఉన్న విటమిన్‌ను కణాలు ఎలా వాడుకుంటున్నాయన్నది మరొక విషయం. వీడీఆర్ అని పిలిచే గ్రాహక జన్యువు ప్రధానంగా రెండోదానికి సంబంధించినది; రక్త పరీక్షలో కనిపించే అంకెను నిర్ణయించే జన్యువులు వేరే ఉన్నాయి. చర్మంలో విటమిన్ తయారీకి కావలసిన ముడిపదార్థాన్ని కొలెస్ట్రాల్‌గా మార్చివేసే డీహెచ్‌సీఆర్7, కాలేయంలో విటమిన్‌ను తొలి దశ మార్పుకు గురిచేసే సీవైపీ2ఆర్1, రక్తంలో దాన్ని మోసుకుపోయే ప్రోటీన్‌ను తయారుచేసే జీసీ, చివరకు దాన్ని విచ్ఛిన్నం చేసే సీవైపీ24ఏ1 వాటిలో ముఖ్యమైనవి. ఐరోపా సంతతికి చెందిన సుమారు 30,000 మంది జన్యు సమాచారంతో 2010లో వెలువడిన అధ్యయనం వీటి పాత్రను స్పష్టంగా చూపింది. అయితే సర్వసాధారణంగా కనిపించే ఇలాంటి తేడాలు ఒక్కొక్కటీ అంకెను కొద్దిగా మాత్రమే కదిలిస్తాయి. మాత్రలు వాడుతున్న మనిషిని 12 దగ్గర నిలిపివేసేంత బలం వాటికి ఉండదని నా అభిప్రాయం.

ఇక వీడీఆర్ సంగతి. ఫోక్1, టాక్1, బీఎస్ఎం1, అపా1 అనే నాలుగు తేడాలపై పేగు వాపు వ్యాధులకు సంబంధించి ఎన్నో అధ్యయనాలు జరిగాయి. ఒక జనసమూహంలో కనిపించిన సంబంధం మరొక దానిలో కనిపించలేదు. వాటిలో చాలా అధ్యయనాలు చిన్నవి కూడా. అంతమాత్రాన విటమిన్ డికీ ఈ వ్యాధికీ సంబంధం లేదని కొట్టిపారేయనక్కరలేదు. క్రోన్స్ వ్యాధితో ముడిపడి ఉన్నట్టు 2001లో మొట్టమొదట తేలిన జన్యువు నాడ్2. క్రియాశీల విటమిన్ డి, అంటే మామూలుగా మూత్రపిండాల్లో తయారయ్యే చివరి రూపం, తన గ్రాహకంతో కలిసి ఈ నాడ్2 ఉత్పత్తిని పెంచుతుందనీ, నాడ్2 పూర్తిగా చెడిపోయిన కణాల్లో ఆ సంకేతం మధ్యలోనే ఆగిపోతుందనీ ప్రయోగశాలలో గమనించారు. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించే విషయం ఇదే, కానీ ఒక రోగికి మోతాదు నిర్ణయించడానికి ఇది పనికిరాదు.

తల్లికీ కొడుక్కీ సగం జన్యువులు ఉమ్మడి అన్నది నిజమే. చర్మపు రంగు, ఎండలో గడిపే సమయం, ఆహారం కూడా ఒక ఇంటివారికి చాలావరకు ఉమ్మడిగానే ఉంటాయి కాబట్టి, ఇద్దరికీ తక్కువగా ఉన్నంత మాత్రాన అది జన్యువుల వల్లేనని చెప్పలేం.

సుజాత (జీర్ణకోశ వైద్యం) జవాబు:

రఘురాం గారు చెప్పినదానికి వైద్యపరమైన వైపును జోడిస్తాను. విటమిన్ డి కొవ్వులో కరిగేది కనుక దాన్ని పేగు పీల్చుకోవాలంటే పిత్త లవణాలు కావాలి. ఆ లవణాలను తిరిగి పీల్చుకుని కాలేయానికి పంపేది మీ తమ్ముడికి తొలగించిన చిన్నపేగు చివరి భాగమే. తొలగించిన పొడవు ఎక్కువైనకొద్దీ కొవ్వూ, దానితోపాటు ఈ విటమినూ వృథాగా పోతాయి. శస్త్రచికిత్స తరువాత విరేచనాలకు పిత్త లవణాలను పట్టి ఉంచే కొలెస్టిరమిన్ అనే మందు వాడుతుంటే అది మరింత అడ్డుపడుతుంది కాబట్టి, ఆ రెండు మందులూ వేసుకునే వేళల మధ్య తగినంత ఎడం ఉండాలి.

మరొక విషయాన్ని చాలామంది పట్టించుకోరు. ఒంట్లో వాపు చెలరేగినప్పుడు రక్తంలోని విటమిన్ డి అంకె దానంతటదే పడిపోతుంది. అందువల్ల వాపు ఎంత ఉందో తెలిపే సీఆర్‌పీ, మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్షల ఫలితాలను పక్కన పెట్టుకుని చూడకుండా 12 అనే అంకెకు అర్థం చెప్పలేం. తక్కువ విటమిన్ వల్ల వ్యాధి ముదిరిందా, వ్యాధి ముదిరినందువల్ల విటమిన్ తగ్గిందా అన్న చిక్కుముడిని విప్పడానికే పరిశోధకులు మెండీలియన్ రాండమైజేషన్ అనే పద్ధతిని ఆశ్రయించారు. జన్యువులు పుట్టుకకు ముందే లాటరీలా పంచబడతాయి, తరువాత వచ్చే వాపు వాటిని మార్చలేదు; కనుక తక్కువ విటమినే వ్యాధికి కారణమైతే, పుట్టుకతోనే విటమిన్ తక్కువగా ఉండే జన్యువులున్నవారికి ఈ వ్యాధి ఎక్కువగా రావాలి. ఇలా చూసిన పెద్ద అధ్యయనాల్లో అటువంటి సంబంధానికి గట్టి ఆధారం దొరకలేదు. వ్యాధే విటమిన్‌ను తగ్గిస్తున్నదన్న వైపుకే నేను మొగ్గుతాను.

అలాగని లోపాన్ని వదిలేయకూడదు, ముఖ్యంగా స్టెరాయిడ్లు వాడినవారిలో ఎముకలు త్వరగా బలహీనపడతాయి. మాత్రను కొవ్వు ఉన్న భోజనంతో వేసుకోవడం, కాల్షియం, మెగ్నీషియం, రక్తంలో కాల్షియంను అదుపుచేసే పారాథైరాయిడ్ హార్మోన్ చూపించుకోవడం, అప్పటికీ పెరగకపోతే కాలేయంలో జరిగే తొలి మార్పు ముందే జరిగిన రూపమైన కాల్సిఫెడియోల్ గురించి వైద్యుణ్ణి అడగడం మంచిది. కొవ్వు సరిగా జీర్ణం కానివారిలో కాల్సిఫెడియోల్ మామూలు విటమిన్ డి3 కంటే మెరుగ్గా ఒంటికి పడుతుంది. మోతాదు మార్చిన వెంటనే పరీక్ష చేయించకండి. రక్తంలో కొలిచే రూపానికి అర్ధాయువు, అంటే అది సగానికి తగ్గే కాలం, రెండు మూడు వారాలు కనుక, కొత్త స్థాయి స్థిరపడటానికి సుమారు మూడు నెలలు పడుతుంది.

మాధవి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే జన్యు పరీక్ష వల్ల మా తమ్ముడికి ఏ ఉపయోగమూ లేదనుకోవాలా? ఎక్కువ మోతాదు ఇంజెక్షన్ ఇప్పిస్తే సరిపోతుందా?

సుజాత జవాబు:

డబ్బు ఖర్చుపెట్టదగిన జన్యు పరీక్ష ఒకటి ఉంది, కానీ దానికీ విటమిన్ డికీ సంబంధం లేదు. ఈ వ్యాధికి వాడే, రోగనిరోధక శక్తిని అణచే అజాథయోప్రిన్ అనే మందు మొదలుపెట్టే ముందు, దాన్ని ఒంట్లో విచ్ఛిన్నం చేయడంలో పాలుపంచుకునే టీపీఎంటీ, ఎన్‌యూడీటీ15 జన్యువులను చూడటం మేలు. ఎన్‌యూడీటీ15లోని ఒక మార్పు ఉన్నవారికి ఆ మందుతో తెల్ల రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చని 2014లో తేలింది, ఆ మార్పు ఆసియా ప్రజల్లో ఎక్కువ.

ఇంజెక్షన్ పేగును దాటవేస్తుంది కాబట్టి కొందరికి అది సరైన మార్గమే. అయితే కాల్షియం చూడకుండా వరుసగా పెద్ద మోతాదులు ఇవ్వడాన్ని నేను ఒప్పుకోను. క్రోన్స్ వ్యాధిలో పేగులో చేరిన కొన్ని రక్షణ కణాలు మూత్రపిండాల అదుపు లేకుండా తామే క్రియాశీల విటమిన్‌ను తయారుచేయగలవు. అటువంటి రోగిలో మామూలు పరీక్ష లోపం చూపిస్తున్నా, క్రియాశీల రూపం మాత్రం ఎక్కువగా ఉండవచ్చు. కాల్షియం హద్దు దాటి, పారాథైరాయిడ్ హార్మోన్ బాగా తగ్గి కనిపిస్తే విటమిన్ ఆపి క్రియాశీల రూపాన్ని విడిగా కొలవాలి. సీవైపీ24ఏ1 జన్యువు రెండు ప్రతులూ చెడిపోయిన అరుదైన వ్యక్తులను గుర్తించే అవకాశం కూడా ఆ సందర్భంలోనే వస్తుంది.