వాటర్ బాత్ కాయిల్‌కి పట్టిన సున్నం ఎలా వదిలించాలి?

నమస్తే అండీ. కూకట్‌పల్లిలో చిన్న డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. మా వాటర్ బాత్ (శాంపిళ్లను ఒకే వేడిలో ఉంచే నీళ్ల తొట్టి) పొద్దున్నుంచి రాత్రిదాకా 37 డిగ్రీల మీదే నడుస్తుంది. ఆమధ్య డిస్టిల్డ్ వాటర్ అయిపోతే మా అటెండర్ రోజూ బోరు నీళ్లే పోశాడట, నాకు చెప్పకుండా! మన బోరు నీళ్ల సంగతి తెలిసిందేగా, ఇంట్లో గీజర్‌కి పట్టినట్టే కాయిల్‌కి సున్నం పట్టేసింది. గోటితో గీకితే పెచ్చులూడుతోంది. సెన్సర్ మీదా అదే పొర.

డిస్‌ప్లే 37 అంటుంది, విడిగా థర్మామీటర్ ముంచితే 35.5. పీటీ టెస్టులు (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసేవి) చేసే చోట ఇది చిన్న తేడా కాదు కదా. అందుకే ప్రస్తుతానికి వాడటం ఆపేశాం.

ప్లగ్ తీసేసి, నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లలో నానబెడదామనుకుంటున్నా. బాత్రూమ్ యాసిడ్ పోద్దామని ఒకాయన సలహా ఇచ్చాడు గానీ, లోపల తొట్టి స్టీలుది, గుంటలు పడతాయని ఒప్పుకోలేదు.

లీటరుకి నిమ్మ ఉప్పు ఎంత వేయాలి, ఎంతసేపు ఉంచాలి? పొర పోయాక రీడింగ్ దానంతటదే సర్దుకుంటుందా, క్యాలిబ్రేషన్ కూడా చేయించాలా? చేసి చూసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.